నాగూరు దర్గా: కథలును కట్టడములును

చోళమండల తీరమున, నాగపట్టణమునకు ఉత్తరముగా సుమారు మూడు మైళ్ల దూరమున, నాగూరను రేవుపట్టణము గలదు. సముద్రముపై పడవలో వచ్చువారికి దూరమునుండి గోచరించునవి యచ్చటి యిండ్లును గావు, తోపులును గావు. ఆకసమున కెగసిన యైదు మీనారులు. ఇవి షాహుల్ హమీదు అను మహమ్మదీయ సాధువు సమాధిస్థానమునకు చెందినవి. ఆయనను భక్తులు మీరా సాహెబనియు, ఖాదరు వలీ యనియు, నాగూరు ఆండవరనియు వ్యవహరింతురు. మన కృష్ణా గుంటూరు జిల్లాలలో నాగూరు, నాగూరు మీరా, నాగుల్ మీరా అను పేర్లు పెట్టుకొన్న కుటుంబము లనేకములు గలవు. ఆ పేర్లకు మూలమీ సాధువే. కావున నాగూరు చరిత్రము అరవదేశపు చరిత్రమే యైనను ఆంధ్రులకు పరాయిది గాదు.

ఈ దర్గాను గూర్చి విచారించువారు సాధారణముగ రెండు తెగలుగ నుందురు. స్థలమాహాత్మ్యమున నున్న ప్రతి వాక్యమును చరిత్రముగ గ్రహించువా రొకరు. అద్భుతము కనబడినచోట నంతయు కల్ల యని త్రోసివేయువారు మఱియొకరు. ఈ రెండు పద్ధతులును చరిత్రమునకు చేటే. కథలో తారీఖు తప్పినంత మాత్రమున ఆ కథను చెప్పుకొన్నవారి మనస్సు అబద్ధము గాదు. ఆ మనస్సు కట్టడములుగను, ఆచారములుగను పరిణమించినపుడు చరిత్రకారుడు దానిని సాక్ష్యముగ గైకొనవలసియున్నది. నాగూరునందు కథలను కట్టడములతో సరిపోల్చి చూచుట యీ వ్యాసమున కుద్దేశము.

ముందుగా తీరమును గూర్చి కొంత తెలిసికొనవలయును. నాగపట్టణము చోళుల కాలమునుండియు దూరద్వీపముల వర్తకులకు విడిదియైన రేవు. పదునొకండవ శతాబ్ది ప్రారంభమున శ్రీవిజయ రాజచ్చట చూడామణి విహారమను బౌద్ధాలయమును నిర్మింపగా, రాజరాజ చోళుడు దానికి ఆనైమంగలమను గ్రామమును దానము చేసెను. పెద్ద లైడెన్ తామ్రశాసనములు దీనిని చెప్పుచున్నవి. దానమిచ్చిన రాజు శైవుడు, ఆలయము బౌద్ధము, కట్టించినవాడు పరద్వీపమువాడు. ఆ పట్టణముననే యుండిన పురాతనమగు నొక యిటుక గోపురము బహుకాలము నావికులకు గుఱుతుగ నుండి 1867లో పడగొట్టబడెను. పోర్చుగీసువారి చేతిలోనుండి నాగపట్టణమును డచ్చివారు 1658లోను, డచ్చివారి చేతిలోనుండి ఆంగ్లేయులు 1781లోను గైకొనిరి. కాయారోహణస్వామి, సౌందరరాజ పెరుమాళ్ల ఆలయములు నాగపట్టణముననే యున్నవి. దక్షిణముగ కొలది మైళ్ల దూరమున వేళాంగణ్ణి క్రైస్తవక్షేత్రము గలదు. ఓడ యెక్కువాడు క్షేమముగ తిరిగిరావలయునని మ్రొక్కుకొనుట, వచ్చిన పిమ్మట మ్రొక్కు చెల్లించుట, ఆ మ్రొక్కు రాతికట్టడ మగుట ఈ తీరమున వేయేండ్ల మర్యాద. నాగూరు దర్గా ఈ మర్యాదలో పుట్టినదే గాని యాకస్మికముగ వెలసినది గాదు.

షాహుల్ హమీదు ఉత్తరహిందూస్థానమున మాణిక్యపురమున జన్మించెననియు, బాగ్దాదు సాధువగు అబ్దుల్ ఖాదరు జీలానీ వంశమువాడనియు పరంపర చెప్పుచున్నది. గ్వాలియరున వెలసిన మహమ్మదు గౌసు ఆయనకు గురువు. ఈ గౌసు పదునాఱవ శతాబ్దిలో సుప్రసిద్ధుడు. గ్వాలియరునందలి యాయన సమాధి మొగలాయి శిల్పమునకు ప్రసిద్ధమైన యుదాహరణము. గురువుకడ విద్య ముగించి, మక్కాయాత్ర చేసి, సింహళము మున్నగు ద్వీపములు తిరిగి, షాహుల్ హమీదు తుదకు నాగూరు చేరి, అచ్చటనే 1570 ప్రాంతమున పరమపదించెనని సంప్రదాయము. నాగూరునకు సమీపమున నున్న వాంజూరునందును, సముద్రపుటొడ్డున సిల్లడి యనుచోటను ఆయన తపస్సు చేసెనని స్థలములు చూపుదురు. ఆయన బ్రహ్మచారి. యూసఫు అనునాతని కుమారునిగ స్వీకరించెను. దర్గాను కాపాడుచు వచ్చిన వంశములవారు ఈ యూసఫు సంతతివారమని చెప్పుకొందురు. సాధువు సమాధియు, యూసఫు సమాధియు, యూసఫు భార్య సమాధియు నొక్క యావరణముననే యున్నవి.

ఇక రాజుల కథ. తంజావూరి నాయకరాజగు అచ్యుతప్పను ఘోరవ్యాధి యొకటి పీడింపగా వైద్యులు చేతులెత్తిరట. సాధువు రాజభవనమునందు దాచియుంచబడిన యొక పావురమును తెప్పించి చూడగా దాని యొడలినిండ సూదులు గ్రుచ్చబడియుండెను. ఒక్కొక్క సూదిని తీయుకొలది రాజు బాధ తగ్గెనట. రాజు కృతజ్ఞుడై భూదానము చేసెనట. నేటికిని దర్గాలో భక్తులు పావురములను విడుచుట ఈ కథను పురస్కరించుకొనియే.

ఇచ్చట కాలగణనమున నొక చిక్కు గలదు. తంజావూరున నాయకరాజ్యమును స్థాపించినవాడు సేవప్ప. ఆయన 1532 ప్రాంతమునుండి 1580 ప్రాంతమువఱకు పాలించెను. అచ్యుతప్ప యాతని కుమారుడు. సాధువు 1570 ప్రాంతమున మరణించిన పక్షమున, ఆయన జీవితకాలమున అచ్యుతప్ప సింహాసన మెక్కలేదు. ఇంతమాత్రము చూచి కథ నంతయు కల్ల యనుట తొందరపాటగును. అచ్యుతప్ప 1560 ప్రాంతమునుండి యువరాజుగ తండ్రితో గూడ రాజ్యభారము వహించెను. తరువాత రాజైనవానిని ముందునుండియు రాజనియే చెప్పుకొనుట లోకమున సహజము. కావున సాధువునకును అచ్యుతప్పకును సమావేశము అసంభవము గాదు. పావురమును సూదులును చరిత్రకారుని పరిధిలోనివి గావు. నాగూరివారు తమ స్థలమునకు ఆద్యదాతగ నొక తెలుగు నాయకుని స్మరించుచున్నారనుట మాత్రము పరిధిలోనిదే. గోవిందదీక్షితుని మంత్రిగ గొని, శ్రీరంగమున కైంకర్యములు చేసిన వైష్ణవుడే యీ అచ్యుతప్ప. రఘునాథ విజయరాఘవుల కొలువున వెలసిన తెలుగు సాహిత్యమును మనము చదువుకొనుచున్నాము. ఆ వంశపు జ్ఞాపకము రేవులోని యొక దర్గాలో నిలిచియున్న సంగతి మన సాహిత్యచరిత్రములలో నంతగా కనబడదు.

రెండవ కథ ఓడకు సంబంధించినది. సాధువునకు మంగలి క్షౌరము చేయుచుండగా నడిసముద్రమున నొక యోడకు రంధ్రము పడెను. ఓడవారు సాధువును తలచుకొనిరి. ఆయన చేతనున్న యద్దమును విసరగా అది పోయి రంధ్రమున నదుకుకొని యోడను కాపాడెనట. ఆ యోడ డచ్చివారిదని చెప్పువారును గలరు. డచ్చివారి తూర్పుదేశపు వర్తకసంఘ మేర్పడినదే 1602లో గావున సాధువు కాలమున డచ్చి యోడ పొసగదు. ఈ దోషమే మనకొక యుపకారము చేయుచున్నది. కథ ఆ రూపమును పొందినది డచ్చివారు రేవున నేలుచున్న దినములలోనో, అటుపిమ్మటనో యని దీనివలన నూహింపవచ్చును. అనగా దర్గాకీర్తి ఏ కాలమున, ఏ జనమున వ్యాపించెనో కథలోని పొరపాటే చెప్పుచున్నది.

కథలనుండి కట్టడములకు వత్తము. దర్గా విశాలమైన చతురస్రప్రాకారము గలది. నాలుగు దిక్కుల వాకిండ్లు గలవు. సమాధిమందిరముపై బంగారు తాపడము చేసిన గుమ్మటము గలదు. సమాధిని దర్శింపబోవువాడు వరుసగ ననేకద్వారములను దాటి లోనికి పోవలయును. వానిలో కొన్నింటికి వెండిరేకులు తాపబడినవి. స్తంభములతో గూడిన మండపములు, ఒకదానివెనుక నొకటిగ ద్వారములు, వెలుపల స్నానమునకు షిఫా గుంట యను కోనేరు, ఈ విన్యాసము ద్రవిడదేశపు దేవాలయములకు వెళ్లువానికి పరిచితమైనదే. విగ్రహములేదు, ప్రతిమాశిల్పములేదు, నడక మాత్రమదియే.

మీనారులైదును ఒక్క కాలమున, ఒక్క కొలతతో కట్టబడినవి గావు. నాలుగు నూఱడుగులకు లోబడినవి. ఐదవది, పెరియ మీనారనబడునది, 131 అడుగుల యెత్తు గలది. దీనిని కట్టించినవాడు 1739 మొదలు 1763వఱకు తంజావూరు నేలిన మహారాష్ట్రప్రభువు ప్రతాపసింహుడు. సంతానార్థమై మ్రొక్కుకొని, కోరిక ఫలింపగా కట్టించెనని ప్రతీతి. ఉత్తరదేశమునందలి గుండ్రని మీనారులవంటివి గావు ఇవి. చతురస్రమైన యడుగుతో అంతస్తులంతస్తులుగ సన్నగిలుచు పైకిపోయి చిన్న గుమ్మటముతో ముగియును. అంతస్తులుగ తగ్గుచు లేచు గోపురములను తరతరములుగ కట్టిన దేశమున నిట్టి రూపము వింత గాదు.

అజాను పిలుపునకు మీనా రొకటి చాలును, సమాధిస్థానమున కైదేల? ఒక్కొక్కటి యొక్కొక్క దాత మ్రొక్కు. ఒక శిల్పి యాలోచనలో నుండి యీ దర్గా వెలువడలేదు. దాతల ఋణములు తీరినకొలది పెరిగినది. కావుననే మీనారులలో సమత లేదు. ఆ యసమతనే దోషముగ నెన్నక చరిత్రపత్రముగ చదువవలయును. పల్లపు భూమియైన కావేరి ముఖద్వారప్రాంతమున నింత యెత్తయిన కట్టడము ఓడలకు గుఱుతుగను పనికివచ్చును. నాగపట్టణపు పాత యిటుక గోపురము చేసిన పనినే యివియు చేయగలిగెను.

ఏటేట జమాదిలాఖరు మాసమున జరుగు ఉత్సవమునకు కందూరి యని పేరు. జెండాలను ఓడ యాకారమున నలంకరించిన రథములపై నాగపట్టణమునుండి యూరేగించి తెచ్చి మీనారులపై నెత్తుదురు. పదవనాటి రాత్రి చందనమును రథముపై తెచ్చి సమాధికి పూయుదురు. భక్తులలో హిందువు లనేకులు. తలనీలాలిచ్చువారును, వ్యాధి నయమైన యవయవముల రూపములను లోహపురేకులపై చేయించి సమర్పించువారును గలరు. కందూరి యనునది పారసీకపదము. భోజనమునకు పఱచు వస్త్రమని మొదటి యర్థము. ఆ వస్త్రముపేరే విందునకు చెల్లినది. మలయభాషలో కెందూరి యనగా విందు. మన తెలుగు పల్లెలలోను దర్గాకడ మ్రొక్కు చెల్లించి పెట్టు విందును కందూరనియే యందురు. ఒక్క పదము గోదావరి కృష్ణా ప్రాంతములను మలక్కా జలసంధితో కలుపుచున్నది.

ఆ జలసంధి కావలను నాగూరు గలదు. మరక్కాయరులు మున్నగు వర్తకులు పినాంగునందు పందొమ్మిదవ శతాబ్ది ప్రారంభమునను, సింగపూరున 1828, 1830 సంవత్సరముల నడుమను నాగూరు దర్గా పేరనే మందిరములను కట్టిరి. సింగపూరు మందిరము నిర్మించిన నాడు దాని వీధియే సముద్రతీరము. పిదప సముద్రమును పూడ్చుటచే నీరు దూరమైనది. 1974లో నచ్చటి ప్రభుత్వము దానిని జాతీయస్మారకముగ ప్రకటించెను. సింహళమున కల్మునైకడ తీరముననే మఱియొక మందిరము గలదు. వీనిలో నెందును సాధువు సమాధిలేదు. సమాధిని సముద్రము దాటింపలేరు. జెండాను, కందూరిని, మీనారు రూపమును దాటింపవచ్చును. వర్తకులు దాటించినవి యవియే. దీనినిబట్టి నాగూరు మీనారు ఆ జనులకు అలంకారము గాదనియు, గుఱుతనియు స్పష్టమగుచున్నది.

2004వ సంవత్సరము డిసెంబరు 26వ తేదీని సముద్రము పొంగి వచ్చినపుడు నాగపట్టణము జిల్లాలో ఆఱువేలకు మించి జనులు మరణించిరి. అప్పుడు మృతులలో పెక్కండ్రను మతభేదము లెంచక దర్గాభూమియందు ఖననము చేసిరి. ఓడలను కాపాడు సాధువని కీర్తి గన్న చోటనే సముద్రము ప్రజలను మ్రింగెను. అద్భుతకథను మాత్రము నమ్ముకొన్నవానికి ఇది పెద్ద చిక్కు. ఆ స్థలమును మ్రొక్కుల స్థలముగ, ఋణముల స్థలముగ నెఱిగినవానికి చిక్కులేదు; దానమైన భూమి ఆపన్నుల కుపయోగపడెను.

నాగూరు దర్గా హిందూశిల్పమా, మహమ్మదీయశిల్పమా యను ప్రశ్న మన పాఠశాలలలోను వినబడుచుండును. ఈ ప్రశ్న కట్టడమునుండి పుట్టినది గాదు. మనము గీచిన గీతలనుండి పుట్టినది. సమాధి సూఫీది, ఆద్యదానము తెలుగు వైష్ణవునిదని ప్రతీతి, అన్నిటికంటె నెత్తయిన మీనారు మహారాష్ట్ర హిందువుది, కీర్తిని ద్వీపములకు మోసినవారు అరవ మహమ్మదీయులు. వీరిలో నే యొక్కరిని తీసివైచినను తక్కిన చరిత్రము నిలువదు. విద్యార్థికి ముందుగా చెప్పవలసినది ఏ మీనారు నెవరు కట్టించిరి, ఏల కట్టించిరి యనునది. పేరు పెట్టుట తరువాతి పని.