కొండ పేరు రాసిన చీటీ

పడమటి కనుమల్లో వాన వెలిసిన రాత్రి, తడి ఆకుల కింది నుంచి ఓ పాము మెల్లగా పైకి వస్తుంది. జానెడో మూరెడో పొడవు, నిగనిగలాడే నల్లటి ఒళ్లు. దీపం వెలుగు పడితే పొలుసుల మీద ఇంద్రధనుస్సు రంగులు మెరుస్తాయి. దీనికి విషం లేదు. చేతిలోకి తీసుకున్నా కరవదు. మొనదేలిన తలను వేళ్ల సందుల్లో దూర్చి దాక్కోవాలని చూస్తుంది. తోక మాత్రం కత్తితో ఏటవాలుగా నరికినట్టు మొండిగా ఉంటుంది. ఆ మొండిభాగం మీది గరుకు పలక డాలులా కనిపించి శాస్త్రజ్ఞులు దీనికి యూరోపెల్టిస్ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో తోకనూ డాలునూ కలిపితే వచ్చిన మాట అది.

ఈ డాలుతోక పాములు ప్రపంచంలో మరెక్కడా లేవు. దక్షిణ భారతం, శ్రీలంక, అంతే. జాతులు మాత్రం అరవై దాకా ఉన్నాయి.

ఇంత చిన్న నేల మీద ఇన్ని జాతులు ఎందుకంటే, వాటి బతుకంతా మట్టిలోనే. వానపాములే తిండి. గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. మట్టిని తొలిచే పనంతా ఒంటి ముందుభాగానిది. అక్కడి కండలు ఎర్రగా, అలుపెరగకుండా పనిచేసేలా ఉంటాయి. వెనకభాగం ఊరికే వెంట వస్తుంది. 1978లో శాస్త్రజ్ఞుడు కార్ల్ గాన్స్ బృందం దీన్ని గూడ్సు బండితో పోల్చింది: ముందు ఇంజను, వెనక పెట్టెలు. చల్లటి తడిమట్టి లేనిదే ఈ బండి కదలదు. కాబట్టి ఒక కొండ మీది పాము, ఎండిన మైదానం దాటి పక్క కొండకు పోలేదు. వేల తరాలుగా ఏ కొండ పాము ఆ కొండకే మిగిలి, వేరే జాతిగా మారిపోయింది.

అందుకే ఈ పాముల చరిత్రలో, నమూనా దాచిన సీసాకు కట్టిన చీటీకి అంత విలువ. చీటీ మీద కొండ పేరు తప్పు పడితే, పాము చేతిలో ఉన్నా దాని ఊరు దొరకదు.

తప్పు మొదట్లోనే జరిగింది. 1829లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే ఒక డాలుతోక పాముకు సిలోన్ (శ్రీలంక) పేరు పెట్టాడు. ఆ పాము సిలోన్‌ది కాదు, మన పడమటి కనుమలది. అయినా శాస్త్రనామాల నియమం ప్రకారం మొదట పెట్టిన పేరే నిలిచింది. ఇప్పటికీ అది యూరోపెల్టిస్ సిలానికానే.

మరో జాతి పేరు యూరోపెల్టిస్ ఎలియట్టి. లండన్‌లో శాస్త్రజ్ఞుడు గ్రే 1858లో దాన్ని వర్ణించాడు. ఆ ఎలియట్ తెలుగువాళ్లకు తెలిసినవాడే: 1845లో అమరావతి స్తూపాన్ని తవ్వించిన సర్ వాల్టర్ ఎలియట్. ఉత్తర సర్కారుల కమిషనరుగా గుంటూరులో ఉండగా చెట్టూ చేమల తెలుగు పేర్లు సేకరించి, 1859లో ‘ఫ్లోరా ఆంధ్రికా’ ప్రచురించాడు. ఊళ్లో ఏ మొక్కను ఏమని పిలుస్తారో అంత శ్రద్ధగా రాసుకున్న మనిషి పేరు, నేల కింద దాగిన పాముకు దక్కింది.

అయితే ఈ పాముల్ని అందరికన్నా ఎక్కువగా లోకానికి చూపినవాడు రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్. మద్రాసు సైన్యంలో పనిచేసి అటవీశాఖకు మారాడు. 1860 నుంచి 1882 దాకా మద్రాసు అడవులకు పెద్ద అధికారి. నీలగిరులు, ఆనైమలై, వయనాడు, షెవరాయ్ కొండలన్నీ తిరిగాడు. అది కాఫీ కోసం కొండ అడవుల్ని నరుకుతున్న కాలం. 1863లో అతను వర్ణించిన ఓ పాము పేరులో వయనాడు ఉంది. 1886లో ఇండియా, సిలోన్‌లలోని ఈ మట్టిపాములన్నిటి మీదా ఒక వ్యాసమే రాశాడు. తిరుమల శేషాచలం కొండల్లో తప్ప ఎక్కడా పెరగని సైకస్ మొక్కకూ అతని పేరే ఉంది: సైకస్ బెడ్డోమై.

అతని చీటీల్లో ఒకటి తెలుగువాళ్లను తికమకపెడుతుంది. పాములా సాగిన ఓ నలికిరిని అతను 1870లో వర్ణించి, దొరికిన చోటు ‘గోల్కొండ కొండలు’ అన్నాడు. అది హైదరాబాదు గోల్కొండ కాదు, అప్పటి విశాఖపట్నం జిల్లాలోని గొలుగొండ. ఆ తర్వాత ఆ నలికిరి జాడే లేదు. తూర్పు కనుమల్లో మళ్లీ దొరికిందని పరిశోధకులు ప్రకటించేసరికి 2013 వచ్చింది. విశాఖ అనే మాట ఆ వర్ణనలో లేకపోతే, వెతికేవాళ్లు ఏ కోట చుట్టూ తిరిగేవారో!

షెవరాయ్ పాముది ఇంకో కథ. బెడ్డోమ్ 1863లోనే దానికి వేరే పేరు పెట్టాడు. తర్వాతి శాస్త్రజ్ఞులు దాన్ని కువియే ‘సిలోన్’ పాములో కలిపేశారు. పడమటి కనుమలకు దూరంగా, సేలం పక్కన విడిగా నిలిచిన కొండ మీది పాముకు ఉనికే లేకుండా పోయింది. 2014లో పరిశోధకులు పొలుసులూ ఒంటి గుర్తులూ మళ్లీ లెక్కబెట్టి, అది వేరే జాతేనని తేల్చారు. యూరోపెల్టిస్ షార్టై అన్న పేరు తిరిగొచ్చింది. అంతకు ఏడాది ముందే, 2013లో, తమిళనాడులోని బోధమలై కొండల నుంచి రైనోఫిస్ గోవెరి అనే సరికొత్త డాలుతోక జాతి బయటపడింది.

వానాకాలం రాత్రుల్లో ఈ పాములు నేల మీదికి వచ్చి ఘాట్ రోడ్లు దాటుతుంటాయి. తెల్లారేసరికి వాటిలో కొన్ని బండి చక్రాల కింద నలిగి కనిపిస్తాయి. ఒకే కొండను నమ్ముకున్న జాతికి ఆ రోడ్డు అవతల ఇంకో కొండ లేదు.