ఎటు తిరిగినా 6174

1946 అనే సంఖ్య తీసుకుందాం. అందులోని అంకెల్ని పెద్దదాని నుంచి చిన్నదానికి పేరిస్తే 9641, తిరగేసి పేరిస్తే 1469. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే 8172. దీనితోనూ అదే పని చేస్తే 7443. ఆపైన వరసగా 3996, 6264, 4176, ఆరో తీసివేతకు 6174. ఇక బండి అక్కడే ఆగుతుంది. ఎందుకంటే 7641లోంచి 1467 పోతే మళ్లీ 6174 వస్తుంది. నాలుగంకెలూ ఒకటే కాకుంటే చాలు, ఏ నాలుగంకెల సంఖ్యయినా ఏడు తీసివేతల్లోపే ఇక్కడికి చేరుతుంది. ఇంకో షరతు: మధ్యలో 999 వస్తే దాన్ని 0999 అనుకోవాలి.

ఈ సంగతి బయటపడింది కూడా 1946లోనే. కనిపెట్టినవారు దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్, నాసిక్ దగ్గరి దేవ్‌లాలీలో బడిపంతులు. 1905లో దహానులో పుట్టారు. పుణె ఫెర్గూసన్ కాలేజీలో చదువుతుండగా 1927లో రాంగ్లర్ పరాంజపే గణిత బహుమతి అందుకున్నారు. 1929లో డిగ్రీ పూర్తయింది. పైచదువుల జోలికి వెళ్లకుండా 1930 నుంచి 1962 దాకా పిల్లలకు పాఠాలు చెప్పారు. ఖాళీ దొరికితే అంకెలతో ఆటే. 1949లో మద్రాసు గణిత సదస్సులో 6174 గురించి ప్రకటించారు. 1955లో అమెరికా పత్రిక ‘స్క్రిప్టా మేథమేటికా’లో వ్యాసం వచ్చింది. మన గణితవేత్తల్లో కొందరు ఇదంతా ఉత్త కాలక్షేపమని నవ్వుకున్నారు. 1975లో మార్టిన్ గార్డ్‌నర్ ‘సైంటిఫిక్ అమెరికన్’లో రాశాక కాప్రేకర్ పేరు ప్రపంచానికి తెలిసింది. 1986లో ఆయన కన్నుమూశారు.

ఇంతకీ అన్ని దారులూ అక్కడికే ఎందుకు చేరుతున్నాయి? అంకెల్ని పెద్దదాని నుంచి చిన్నదానికి క, గ, చ, ట అనుకుందాం. తీసివేత జవాబు ఎప్పుడూ 999(క−ట) + 90(గ−చ). అంటే అంకెలేవన్నది లెక్కలోకి రాదు. కొసల మధ్య తేడా ఎంత, నడిమి అంకెల మధ్య తేడా ఎంత అన్నవే కావాలి. మొదటిది 1 నుంచి 9 దాకా ఉంటుంది. రెండోది 0 నుంచి మొదలై మొదటిదాన్ని మించదు. లెక్కగడితే అలాంటి జతలు 54 మాత్రమే. కాబట్టి 0001 నుంచి 9998 దాకా ఉన్న 9990 సంఖ్యలు ఒక్క తీసివేతతోనే 54 జవాబుల్లోకి ఒదిగిపోతాయి. వాటిలో 6, 2 అనే జత 5994 + 180, అంటే 6174 ఇస్తుంది. దాని అంకెల్లో తేడాలూ మళ్లీ 6, 2లే. అందుకే అది కదలదు.

మూడంకెలకూ ఇలాంటి గమ్యం ఉంది: 495. రెండంకెలకు లేదు. అక్కడ 9, 81, 63, 27, 45 అంటూ గానుగెద్దులా తిరగడమే. అయిదంకెలకూ ఒక్క గమ్యం లేదు. 6174కు ఇంకో తమాషా కూడా ఉంది. దాని అంకెల మొత్తం 18. ఆ 18కి దాని వర్గం 324, ఘనం 5832 కలిపితే వచ్చేది 6174.

పదుల లెక్క వదిలి వేరే ఆధారంలో సంఖ్యలు రాస్తే అన్ని దారులూ 6174కే చేరే ఈ ప్రత్యేకత ఉండదు. నవ్వినవాళ్ల వాదనలో ఆ మేరకు నిజముంది. అయినా నిరూపణ అనేదాన్ని పిల్లలకు రుచి చూపించడానికి ఇంతకంటే మంచి లెక్క దొరకడం కష్టం. పై సూత్రం హైస్కూలు బీజగణితమే. ఆ 54 జవాబుల్నీ ఒక్కొక్కటిగా వేసి చూస్తే నిరూపణ పూర్తవుతుంది. ఒక మధ్యాహ్నం, రెండు కాగితాలు చాలు.