ఆలివర్ ఎల్స్‌వర్త్

ఆలివర్ ఎల్స్‌వర్త్ (1745 ఏప్రిల్ 29 – 1807 నవంబర్ 26) అమెరికా రాజనీతిజ్ఞుడు, న్యాయవాది, ఆ దేశ సుప్రీంకోర్టు మూడో ప్రధాన న్యాయమూర్తి.

కనెక్టికట్‌లోని విండ్సర్‌లో జన్మించాడు. యేల్‌లో చేరి, తర్వాత న్యూజెర్సీ కళాశాలకు (నేటి ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయం) మారి 1766లో పట్టభద్రుడయ్యాడు. 1771లో న్యాయవాద వృత్తి చేపట్టాడు.

1787 ఫిలడెల్ఫియా రాజ్యాంగ సదస్సులో పెద్ద రాష్ట్రాలు జనాభాను బట్టి ప్రాతినిధ్యం కోరగా, చిన్న రాష్ట్రాలు సమాన హోదాకు పట్టుబట్టాయి. తోటి కనెక్టికట్ ప్రతినిధి రోజర్ షెర్మన్‌తో కలిసి ఎల్స్‌వర్త్ మధ్యేమార్గాన్ని సమర్థించాడు. ప్రతినిధుల సభలో జనాభా ప్రకారం, సెనేట్‌లో రాష్ట్రానికి సమానంగా స్థానాలు కేటాయించే ఈ ఏర్పాటే ‘కనెక్టికట్ రాజీ’. రాజ్యాంగ ముసాయిదా రాసిన ఐదుగురు సభ్యుల సంఘంలోనూ ఆయన ఉన్నాడు. సదస్సు ముగియకముందే స్వస్థలానికి వెళ్లడంతో రాజ్యాంగంపై సంతకం చేయలేదు.

సెనేటర్‌గా (1789–96) న్యాయవ్యవస్థ చట్టం రూపకల్పనలో ప్రధాన పాత్ర వహించాడు. ఆరుగురు న్యాయమూర్తులతో సుప్రీంకోర్టును, దాని దిగువ ఫెడరల్ కోర్టులను నెలకొల్పింది 1789 నాటి ఈ చట్టమే. 1796లో అధ్యక్షుడు వాషింగ్టన్ ఆయనను ప్రధాన న్యాయమూర్తిగా నియమించాడు. ఆ పదవిలో ఉంటూనే రాయబారిగా ఫ్రాన్స్ వెళ్లి, ఇరు దేశాల మధ్య సముద్రంపై సాగుతున్న అప్రకటిత యుద్ధానికి తెరదించిన 1800 నాటి ఒప్పందంలో పాలుపంచుకున్నాడు. అనారోగ్యం వల్ల అదే ఏడాది రాజీనామా చేశాడు. ఆయన తర్వాత జాన్ మార్షల్ ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు.