ఎనిమిది వందల యేండ్ల భిక్షుణి



మనము పిల్లలకు జాబు వ్రాయునపుడు పేరునకు ముందు 'చిరంజీవి' యని చేర్చుదుము. అశ్వత్థామయు చిరంజీవియే. కాని గర్భస్థశిశువుపై నస్త్రము ప్రయోగించిన పాపమునకు మూడువేల యేండ్లు తోడులేక తిరుగుమని శ్రీకృష్ణుడు శపించిన పిమ్మట, అట్టి యాయువును మన బిడ్డలకు కోరువారెవ్వరు?

జపాను దేశమున నిట్టి కథయే యొకటి కలదు. అయితే అందలి యాడుబిడ్డ యే పాపము నెరుగదు. 2016వ సంవత్సరమున చైనాలోని నెట్‌ఈజ్ అను సంస్థ 'ఓన్మ్యోజి' యను వీడియో గేమును వెలువరించెను. ఫోను తెరపై బొమ్మలను వ్రేలితో నడపి యాడు నాట యిది. మన తోలుబొమ్మలాటలో నాడించువాడు తెరవెనుక నుండును. ఇందు చూచువాడే యాడించువాడు. దాని ముఖ్యపాత్రలలో నొకతె యావో బికుని. మత్స్యకన్య మాంసము దిని, చావులేనిదై, చావునే వెదకుకొను స్త్రీ. 'బికుని' యనగా మన భిక్షుణియే. బౌద్ధధర్మముతో కూడ నా మాట సముద్రము దాటినది. మన యమరావతి శాసనములలోను దానము లిచ్చిన భిక్షుణులు కలరు. 'యావో' యనగా ఎనిమిది వందలు.

కథ యిట్లు చెప్పుదురు. వాకాసా సీమలో నొకడు అపరిచితుని యింట విందునకు పోయెను. వంటశాలలో మనుష్యముఖము గల చేపను కోయుచుండుట తెలిసి అతిథు లెవ్వరును దానిని ముట్టరైరి. అతడు తన వంతు పొట్లము గట్టి యింటికి దెచ్చి మరచెను. ఎరుగక కూతురు దానిని దినెను. పదునైదు, పదునారేండ్ల రూపము చెదరక నిలిచిపోయెను. పెండ్లాడిన భర్తలు ముసలివారై పోయిరి. తెలిసినవా రందరును పోయిరి. తుదకు శిరోముండనము గావించుకొని దేశములు తిరిగెను.

ఇంతవరకు కథ. చరిత్ర యెక్కడ తగులునో చూడుడు. 1449వ సంవత్సరమున వాకాసా నుండి యొక వృద్ధ భిక్షుణి రాజధానియగు క్యోటోకు వచ్చినట్లు ఆ నగరవాసు లిరువురు తమ దినచర్యలలో వ్రాసికొనిరి. నకహర యాసుతోమి యను రాజోద్యోగి ఐదవ మాసమున వ్రాసెను: ఆమెకు రెండు వందల యేండ్లకు పైబడెనట, తల నెరసినది గావున 'తెల్ల భిక్షుణి' యందురట, ఒక జిజో మందిరమున చిన్న ద్వారము గట్టి, మనిషికింత యని రుసుము పుచ్చుకొని చూపుచున్నారట. ఇదంతయు విన్న మాటగనే వ్రాసెను గాని చూచితి ననలేదు. ఏడవ మాసమున జుయికెయి షూహో యను జెన్ సన్న్యాసి వ్రాసెను: ఆమె వయస్సు ఎనిమిది వందలు, తలుపులు మూసి, గొప్పవారికి నూరు నాణెములు, పేదవారికి పది నాణెములు ఇచ్చిననే లోనికి విడుతురు.

రెండు మాసములలో ఆరువందల యేండ్లు పెరిగినవి! జపానులో ఎనిమిది వంద లనగా 'లెక్కలేనన్ని' యని కూడ వాడుక. మనము 'వేయేండ్లు బ్రతుకు' మనుట వంటిదే. సంఖ్యను నేను నమ్మను. కాని తల నెరసిన యొక ముదుసలి నిజముగ నుండెననియు, ఆమెను జూడ జనము డబ్బు చెల్లించి తొక్కిసలాడిరనియు నమ్ముదును. ఈ రెండు వ్రాతలలోను శాపము మాటయే లేదు. అప్పటివారికి ఆమె యొక వింత మాత్రమే; ఒంటరితనమును పిదప కథ చెప్పినవారు కనుగొనిరి. ఆటను గల్పించినవారు రుసుము కథను విడిచి ఆ దుఃఖమునే గైకొనుట నాకు మెచ్చదగినదిగ తోచినది.

మరియొక వింత. ఆటలో నామెకు తోడైన జ్యోతిష్కుడు అబె నో సెయిమెయి 1005లో మరణించినవాడు. 1449లో ఎనిమిది వందల యేండ్లన్న మాట నిజమైనచో, అప్పటికామెకు మూడు వందల యేబదియారేండ్లు!

వాకాసా నేడు ఫుకుయి మండలములోనిది. అందలి ఓబామా పట్టణమున కూయిన్‌జి ఆలయముకడ నొక గుహ కలదు. తుదకామె స్వగ్రామము చేరి, ఆ గుహలో ప్రవేశించి, నిరాహారయై ప్రాణము విడిచెనందురు. పోవుచు గుహ ముంగిట నొక కమేలియా పూలచెట్టు నాటి, ఇది వాడిననాడు నేను పోతినని యెరుగుడని ఊరివారితో చెప్పెనట.