అరచేతుల నుంచి బరమా దాకా



మన సంబరాల్లో ఆట గురించి, పాట గురించి, డోలు గురించి ఎంతో చెప్పుకుంటాం. పనిముట్ల గురించి మాత్రం అరుదుగా మాట్లాడుకుంటాం. అందుకే ఈ సంచికలో ఒక చిన్న పనిని ఎంచుకున్నాం. అది కరెంటు లేకుండా చేత్తో బెజ్జం వేయడం.

బెజ్జం పడాలంటే మూడు జరగాలి. మొనను కదలకుండా పట్టుకోవాలి, దాన్ని తిప్పాలి, పైనుంచి అదమాలి. ఈ మూడింటినీ రెండు చేతులతో ఎలా చేయాలన్నదే అసలు చిక్కు. వేల ఏళ్లుగా మనుషులు దానికి దారులు వెతుకుతూ వచ్చారు.

మొదటి దారి అరచేతులు. పుల్లను రెండు అరచేతుల మధ్య పెట్టి తిప్పడం. యానాదులు ఒక కర్రలో గుంట చేసి, రెండో కర్రను అందులో నిలిపి తిప్పి నిప్పు పుట్టించే తీరు 1909లో అచ్చయిన థర్‌స్టన్ గ్రంథంలో నమోదైంది. నిప్పు పుట్టించడానికైనా, బెజ్జం వేయడానికైనా సూత్రం ఒకటే. అయితే తిప్పేకొద్దీ చేతులు కిందికి జారిపోతాయి, మళ్లీ పైకి తేవాలి.

రెండో దారి తాడు. మన ఇళ్లలో కవ్వానికి తాడు చుట్టి అటూ ఇటూ లాగినట్టే పుల్లకు తాడు చుట్టి లాగడం. వేగం పెరుగుతుంది కానీ ఒకరు లాగుతుంటే మరొకరు అదమాలి.

మూడో దారి విల్లు. తాడు రెండు కొసలను వంగిన కర్రకు కట్టి, నడుమ పుల్లను ఒక చుట్టు చుడితే ఒక్క మనిషే పని నడిపిస్తాడు. కుడిచేత్తో విల్లు ఆడిస్తాడు, ఎడమచేత్తో కొబ్బరి చిప్పతోనో గుంట రాయితోనో పుల్ల తలను అదుముతాడు. వడ్రంగుల బరమా ఇదే.

ఇక మొనను పట్టుకోవడం. పుల్ల కొసను చీల్చి, మొనను అందులో దూర్చి, దారంతో బిగించి కట్టి, లక్కతో అతికిస్తే సరిపోతుంది. నేటి డ్రిల్ మిషన్ చక్ తన దవడలతో చేసేది ఈ పనినే.

ఈ పరిజ్ఞానం ఎంత పాతదో చూడండి. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో 7,500 నుంచి 9,000 ఏళ్ల కిందటి తొమ్మిది మంది మనుషుల దంతాల్లో మొత్తం 11 చోట్ల తొలిచిన బెజ్జాలు దొరికాయి. 2006లో ఆ పరిశోధన వెలువడింది. చెకుముకి మొన పెట్టిన విల్లు బరమాతో పరిశోధకులు ప్రయత్నిస్తే నిమిషం లోపే అలాంటి బెజ్జం పడింది. సింధు నాగరికత నాటి చన్హుదారోలో పొడవైన ఎర్రరాతి పూసలను తొలిచారు. నేటి ప్రయోగాల్లో గంటకు రెండున్నర మిల్లీమీటర్లే లోపలికి దిగింది. ఒక్క పూస వెనుక ఎన్ని రోజుల ఓర్పు ఉందో ఊహించండి! గుజరాత్‌లోని ఖంభాత్‌లో పూసల పనివాళ్లు మన కాలం దాకా విల్లు బరమానే వాడారు.

విల్లు అటూ ఇటూ తిప్పుతుంది కాబట్టి మొన రెండు వైపులా కోయాలి. అందుకే పాత బరమా మొన చదునుగా, ఈటెలా ఉంటుంది. మెలికల బిట్ ఒక వైపే కోస్తుంది, దానికి ఒకే దిశలో తిప్పే పిడి కావాలి. మరి ఇది బడిలో చదువుకున్నవాళ్లు కనిపెట్టిన సంగతి కాదు, పనిచేసే చేతులు కనిపెట్టినది.

మన పెద్దల నేర్పును బయటివాళ్లు రాసిపెట్టారు, మనం రాసుకోలేదు. వాళ్ల పుస్తకంలో పని ఉంది, చేసిన మనిషి పేరు లేదు. ఇప్పుడు అటక మీది బరమా పాత సామాన్ల బండికి పోతోంది. దానితో పాటు దాని భాగాలకు మన భాషలో ఉన్న పేర్లూ పోతున్నాయి.

కాబట్టి మేం కోరేది చిన్నదే. ఈ సెలవుల్లో మీ తాత దగ్గర కూర్చోండి. పనిముట్టును ఫోన్‌లో వీడియో తీయండి, కొలతలు రాయండి, ఒక్కో భాగం పేరు అడగండి. రాసినదాని కింద ఆయన పేరు తప్పక పెట్టండి. తర్వాత మీరే ఒకటి చేసి, ఎండు కర్రలో ఒక్క బెజ్జం వేసి చూడండి. మన వాళ్లది వెనకబాటుతనమని ఎవరైనా అంటే, ఆ బెజ్జం చూపించండి.