తల్లి పేరున పడే డబ్బు – అది వచ్చిన దారి

జూన్ నెల వచ్చిందంటే మన సంఘం మీటింగుల్లో కిస్తీ లెక్కల కంటే ముందు వినిపించే మాట “మీకు పడ్డాయా?” అని. 2025 జూన్‌లో తల్లికి వందనం డబ్బు వేసినప్పుడూ అదే మాట. మెసేజ్ వచ్చిన తల్లి నవ్వుకుంటూ వచ్చింది. రాని తల్లి ఆధార్ కాగితాలు సంచిలో పెట్టుకుని వచ్చింది. పిల్లల కోసం సర్కారు ఇచ్చే డబ్బు తల్లి ఖాతాలో పడటం ఇప్పుడు మనకు మామూలు సంగతి. మన అమ్మల కాలంలో అది లేదు. ఆ డబ్బు తల్లి పేరు మీదికి ఎలా వచ్చిందో, మధ్యలో ఏమేం పోయాయో మన ఆడపిల్లలకు తెలియాలని ఇక్కడ రాసుకుంటున్నాం.

తల్లి పేరు ఏ దేశంలోనూ ఊరికే రాలేదు. ఇంగ్లండు సంగతే చూడండి. పిల్లలను పెంచే ఇంటికి సర్కారు సాయం చేయాలని ఎలియనోర్ రాత్‌బోన్ అనే ఆమె పాతికేళ్లకు పైగా పోరాడింది. 1945లో చట్టం తయారైంది. తీరా చూస్తే ఆ డబ్బు తండ్రికి చెందుతుందని రాశారు. అప్పటికి ఆమె పార్లమెంటు సభ్యురాలు. తల్లికి ఇవ్వకపోతే తన చట్టాన్ని తానే ఒప్పుకోనని పట్టుబట్టింది. చివరికి తల్లికే ఇవ్వాలని మార్చారు. రెండో బిడ్డ నుంచి బిడ్డకు వారానికి 5 షిల్లింగులు. 1946 ఆగస్టులో తల్లులు ఆ డబ్బు అందుకున్నారు. అది చూడకుండానే ఆమె అదే ఏడాది జనవరిలో కన్నుమూసింది.

మన దేశంలో 1961లో ప్రసూతి ప్రయోజన చట్టం వచ్చింది. కానీ అది ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో పనిచేసే వాళ్లకు. నాట్లకూ కలుపులకూ పోయే మనలాంటి వాళ్లకు ఆ చట్టంతో పనిలేకపోయింది. 1975 అక్టోబరు 2న అంగన్‌వాడీల పథకం మొదలైంది. పిల్లలకు, గర్భిణులకు తిండి వచ్చింది గానీ చేతికి డబ్బు రాలేదు. పేద గర్భిణికి డబ్బు ఇవ్వడం దేశమంతటా 1995 ఆగస్టు 15న మొదలైన జాతీయ ప్రసూతి పథకంతో వచ్చింది. కాన్పుకు 300 రూపాయలు, అదీ మొదటి రెండు కాన్పులకే. తర్వాత దాన్ని 500 చేశారు.

ఖాతాలో డబ్బు వేయాలంటే ముందు ఆడదాని పేరున ఖాతా ఉండాలి కదా. అప్పట్లో మనలో ఎంతమంది బ్యాంకు గడప తొక్కాం? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం వెనకాలే ఆ జిల్లాలో రోజుకు రూపాయి పొదుపు మొదలైంది. ఆ రూపాయే రాష్ట్రమంతా పాకి సంఘాలైంది. సంఘం పేరున ఖాతా తెరిచాం, సంతకం నేర్చుకున్నాం. ఇవాళ పథకం ఏ పేరుతో వచ్చినా అది పడే ఖాతాకు దారి వేసింది మన రూపాయే.

2005లో బాలికా సంరక్షణ పథకం వచ్చింది. ఒక్క ఆడపిల్లతో ఆపరేషన్ చేయించుకుంటే ఆ పిల్లకు 20 ఏళ్లు నిండాక లక్ష. ఇద్దరైతే ఒక్కొక్కరికి 30 వేలు. 2013లో బంగారు తల్లి చట్టం చేశారు. పుట్టగానే 2,500తో మొదలై టీకాలకు, అంగన్‌వాడీకి, ఒక్కో తరగతికి ఇంతని డిగ్రీ దాకా లెక్క రాశారు. ఊళ్లలో పేర్లు రాయించింది మన గ్రామ సంఘాలే. “నీ పిల్ల చదువుకు బెంగలేదు” అని తల్లులకు మాటిచ్చింది మనమే. రాష్ట్రం విడిపోయాక ఆ పథకం నడవలేదు. అప్పుడు పుట్టిన పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. వాళ్ల తల్లులు ఎదురైతే మనకే మొహం చెల్లదు.

అదే 2013లో ఆహార భద్రత చట్టం గర్భిణికి 6,000కు తగ్గకుండా ఇవ్వాలంది. 2017లో ప్రధానమంత్రి మాతృ వందన యోజన వచ్చేసరికి అది మొదటి బిడ్డకు మాత్రమే, 5,000 అయింది. ఆ తర్వాత రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000 కలిపారు.

2020 జనవరి 9న చిత్తూరులో అమ్మఒడి మొదలైంది. తల్లి ఖాతాలో ఏడాదికి 15,000. తర్వాత బడి మరుగుదొడ్లకు, నిర్వహణకు కొంత పట్టుకుని 14,000, 13,000 వేశారు. బడికెళ్లే పిల్లలు ముగ్గురున్నా తల్లికి ఒక్కటే. 2025లో తల్లికి వందనం వచ్చాక ఎంతమంది చదువుతుంటే అంతమందికీ ఇస్తున్నారు. 67 లక్షలకు పైగా పిల్లల లెక్కన, ఒక్కొక్కరికి 13,000 చేతికి, 2,000 బడికి.

ఈ లెక్కలన్నీ పక్కపక్కన పెడితే ఒకటి తెలుస్తుంది. పథకం పేరు మారుతుంది, మొత్తం మారుతుంది, ఎందరు పిల్లలకన్న లెక్క మారుతుంది. ప్రతి మార్పులోనూ కొందరు తల్లులు బయట మిగిలిపోతారు. అడిగేవాళ్లు లేకపోతే ఆగిపోయిన పథకం ఆగినట్టే ఉంటుంది.

ఇంకో మాట మనలో మనం చెప్పుకోవాలి. ఆ డబ్బు పడగానే “పాత కిస్తీ కింద జమ చేయించండి” అన్న మాట మన మీటింగుల్లోనే వినపడింది. బాకీ బాకీయే, కట్టాల్సిందే. కానీ ఆ డబ్బు బిడ్డది. తల్లి దానికి కాపలా. మొగుడి చేతికి పోకూడదని అక్కడ ఒకామె పాతికేళ్లు కొట్లాడింది. ఇక్కడ మన సంఘమే చెయ్యి చాచితే ఎట్లా?

అందుకే ఈ ఏడాది నుంచి ప్రతి గ్రామ సంఘం మినిట్సు పుస్తకంలో రెండు సంగతులు రాయాలి: డబ్బు రాని తల్లుల పేర్లు, ఎందుకు రాలేదో కారణం. ఆ పేర్లు పట్టుకుని సచివాలయానికి నలుగురం కలిసి పోవాలి. మూడోది పుస్తకంలో రాయక్కర్లేదు, మనసులో ఉంటే చాలు: బిడ్డ డబ్బు కిస్తీలో కలపం.