రవీంద్రభారతిలో ఒక మాసము: తూర్పు నగరపు ప్రేక్షకుని దృష్టి

రంగశాలల చరిత్ర వ్రాయువారు సాధారణముగా శంకుస్థాపన ఫలకముతో ప్రారంభించి, ప్రారంభోత్సవమునకు విచ్చేసిన మహనీయుల నామావళి పఠించి, భవనమునకు ఎన్ని ద్వారములో, ఎన్ని ఆసనములో లెక్క చెప్పి ఊరకుందురు. ఆ ఆసనములలో కూర్చుండుటకై ప్రతి సాయంకాలము ఎవరు, ఎచ్చటనుండి, ఏ బస్సెక్కి వచ్చుచున్నారో విచారించువారు అరుదు. సైఫాబాదులో శాసనసభా భవనమునకు కూతవేటు దూరమున నిలిచియున్న రవీంద్రభారతి కథను ఆ రెండవ వైపునుండి చెప్పవలెనని నా సంకల్పము. ఏలయనగా భవనము సైఫాబాదుదే యైనను, దాని ప్రేక్షకజనములో చెప్పుకొనదగిన భాగము మూసీనది కావల, మలక్‌పేట దాటి, దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, సరూర్‌నగర్, ఎల్‌బీ నగర్, వనస్థలిపురం కాలనీలలో కాపురముండు మధ్యతరగతి గృహస్థులు. వారిలో నేనును ఒకడను.

భవనము పుట్టుక ముందుగా చెప్పుట ధర్మము. 1961వ సంవత్సరము విశ్వకవి రవీంద్రుని శతజయంతి వత్సరము. ఆ సందర్భమున దేశములోని ముఖ్యనగరములలో ఆయన పేరిట రంగశాలలు వెలయవలెనను సంకల్పము కలిగి, బెంగుళూరున రవీంద్ర కళాక్షేత్రము, చండీగఢులో టాగూర్ థియేటరు, లక్నోలో రవీంద్రాలయము, కలకత్తాలో రవీంద్ర సదనము క్రమముగా రూపొందినవి. కవి స్వస్థలమైన కలకత్తాలోనే ఆ సదనము 1967 నాటికి గాని పూర్తికాలేదు. మన హైదరాబాదువారు మాత్రము 1960 మార్చి 23న పునాదిరాయి వేసి, మహమ్మద్ ఫయాజుద్దీన్ అను వాస్తుశిల్పి గీసిన ప్రణాళిక ననుసరించి పని ముగించి, 1961 మే 11న, అనగా కవి నూరవ జన్మదినము గడచిన నాలుగవ నాడే, నాటి ఉపరాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి చేతులమీదుగా తలుపులు తెరిపించిరి. ప్రభుత్వపు కట్టడము అనుకున్న గడువునకు పూర్తియగుట మన దేశమున ఎంతటి విశేషమో పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. అప్పటి ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్యగారు.

ఇట్టి త్వర వెనుక తెలుగువారికిని రవీంద్రునికిని గల చుట్టరికమును కొంత కలదని నా నమ్మకము. రాయప్రోలు సుబ్బారావుగారు శాంతినికేతనమున చదివి వచ్చి, ఉస్మానియా విశ్వవిద్యాలయములో తెలుగు ఆచార్యులై, ఈ నగరములోనే తమ జీవితములో పెద్దభాగము గడిపిరి. బెజవాడ గోపాలరెడ్డిగారు ఆ ఆశ్రమ విద్యార్థియే. రాజకీయములలో తలమునకలై యున్న కాలమునను రవీంద్రుని రచనలను తెనిగించుట మానలేదు. 1919లో మదనపల్లెలో ఉండగా కవి తన జనగణమన గీతమునకు ఆంగ్లానువాదము సిద్ధము చేసెను. 1933లో హైదరాబాదునకు వచ్చి బంజారా కొండలలో బస చేసెను. కావున ఆ పేరు ఈ నగరమునకు పరాయి పేరు కాదు.

ఆ తలుపులు తెరచుకొన్ననాడు మా ప్రాంతము నగరమే కాదు. దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ అను భూస్వామి పేరును మోయుచున్న తోటలును పొలములును, నిజాము మహబూబ్ అలీఖాన్ కాలములో విక్టోరియా రాణి స్మృతికై వెలసిన అనాథ బాలల ఆశ్రమమును, కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడియు, సరూర్‌నగర్ చెరువును తప్ప అచ్చట చెప్పుకొనదగినది కొద్దియే. పిమ్మట విజయవాడ రహదారి ఈ ప్రాంతపు తలరాతను మార్చినది. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము, కృష్ణా, గుంటూరు వైపులనుండి బ్రతుకుదెరువునకై వచ్చినవారు నగరము పొలిమేరలో బస్సు దిగి, దిగినచోటనే ఇల్లు అద్దెకు తీసికొని, కాలక్రమమున స్థలము కొని స్థిరపడిరి. వనస్థలిపురము వంటిచోట్ల ప్రభుత్వోద్యోగుల గృహములు బారులు తీరెను. 2007లో గడ్డిఅన్నారము, ఎల్‌బీ నగర్ పురపాలక సంఘములు మహానగరములో విలీనమగునప్పటికి ఇది ఒక మహాపట్టణమే. ఈ జనము తమ వెంట మూటాముల్లెతోబాటు తమ అభిరుచులనుగూడ తెచ్చుకొనిరి: కోస్తా మాగాణులనుండి వచ్చినవారికి పద్యనాటకము, హరికథ, ఖమ్మము, నల్లగొండ వారికి బుర్రకథ, ఒగ్గుకథ, చిందు యక్షగానము. ఆ అభిరుచులకు దాపున సరియైన వేదిక లేదు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోణార్క్, వెంకటాద్రి మొదలగు సినిమా హాళ్లు వెలసినవి, రంగశాల వెలయలేదు.

అందుచేత నాటకము చూడగోరినవాడు సైఫాబాదు వెళ్లవలెను. వెళ్లుట యన్నది పూర్వము ఒక యాత్ర. మలక్‌పేట రైలు వంతెన క్రింద వాననీరు నిలిచినచో బస్సు అక్కడనే ఆగును. అది దాటిన చాదర్‌ఘాట్ ఇరుకు, తరువాత కోఠి సందడి, ఆబిడ్స్ రద్దీ. ఆరు గంటల ప్రదర్శనకు నాలుగున్నరకు ఇల్లు వెడలవలెను. తిరుగు ప్రయాణపు భయము అంతకన్న పెద్దది. ఆఖరు బస్సు తప్పునేమోనన్న బెంగతో చివరి రంగమునకు ముందే లేచిపోయిన కుటుంబములను నేనెరుగుదును. వారిలో కొందరు యుద్ధరంగము చూడకయే కురుక్షేత్రమును ముగించినవారు. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్‌బీ నగర్ వరకు మెట్రోరైలు నడుపబడుటతో ఈ బెంగ తీరినది. ఎల్‌బీ నగర్‌లో ఎక్కినవాడు విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా మూసీని దాటి, 11వ స్టేషనైన అసెంబ్లీ వద్ద దిగి, నాలుగడుగులు నడచిన రవీంద్రభారతి మెట్లెక్కవచ్చును. రవీంద్రభారతి చరిత్రలో ప్రారంభోత్సవము తరువాత ఇంతటి ముఖ్యమైన తేదీ మరొకటి లేదని నా అభిప్రాయము. నాతో విభేదించువారు ఈ ప్రాంతమున నివసింపనివారై యుందురు.

ఇక ఆ రంగశాలలో ఒక మాసము ఎట్లు గడచునో చూతము. భవనపు వార్షికోత్సవమైన మే 11వ తేదీతో ముగియునట్లు ఏప్రిల్ 11 నుండి ఎన్నుకొందము; ఏడాదిలో ఇంత నిండైన నెల మరొకటి కష్టము. ఏప్రిల్ 11 జ్యోతిరావు ఫూలే జయంతి, 14 అంబేద్కరు జయంతి. ఈ దినములలో ప్రసంగములకంటె పాటకు బలమెక్కువ, తెలంగాణ ఉద్యమమున ధూంధాం వేదికలపై కాలికి గజ్జెకట్టి ఆడిపాడిన గాయకుల సంప్రదాయము ఇచ్చట డప్పు మ్రోతతో కుర్చీలను కదలించును. 16వ తేదీ కందుకూరి వీరేశలింగము పంతులుగారి జన్మదినము. దానిని తెలుగు నాటకరంగ దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. 1880లో రాజమహేంద్రవరమున తమ శిష్యులచేత వ్యవహార ధర్మబోధినిని ఆడించిన మహానుభావుడు ఆయన. ఆ వినోదమునకు విషయము ఆనాటి న్యాయస్థానములలోని లంచగొండితనమని గుర్తుంచుకొన్నచో, మన నాటకము దేవతలతో గాక ప్లీడర్లతో మొదలైనదని తెలియగలదు. 29న నృత్య దినోత్సవము, 30న శ్రీశ్రీ జయంతి, మే 7న రవీంద్ర జయంతి. ఈ నడుమ మిగిలిన సాయంకాలములలో కూచిపూడి రంగప్రవేశములు, పాత సినిమాపాటల విభావరులు, పుస్తకావిష్కరణములు ఒకదాని నొకటి త్రోసికొనుచు వచ్చుచుండును.

వీనిలో మా తూర్పువారిని సకుటుంబముగ కదలించునది పద్యనాటకము. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములు ఆడుచున్నారని పత్రికలో చిన్న ప్రకటన వచ్చినచాలును, ఆనాడు రైలులో పంచెకట్టు పెద్దలు అధికముగ కనబడుదురు. కొత్తవారికి వింతగా తోచు ఆచారమొకటి ఈ నాటకమునకు కలదు: ఒకే ప్రదర్శనలో శ్రీకృష్ణుడు ఒకడుగా ఉండడు. పడకసీను కృష్ణుడు వేరు, రాయబారపు కృష్ణుడు వేరు; కరపత్రములో ఒకటవ కృష్ణుడు, రెండవ కృష్ణుడు అని వరుసగా పేర్లు వేయుదురు. ఇది నటుల కొరతవలనగాని ఐశ్వర్యమువలనగాని కలిగినది కాదు; ప్రతి ఘట్టమునకు ప్రత్యేకమైన గాత్రధర్మము కావలెననియు, ఒక రాత్రిలో పలువురు ప్రసిద్ధులను వినవలెననియు ప్రేక్షకుడు కోరుటచే కలిగినది. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజుగార్ల కృష్ణులను పోల్చి వాదించుకొనిన తరము ఇంకను కొంత మిగిలియున్నది. పద్యము ముగించి నటుడు రాగమందుకొన్నప్పుడు ముందువరుసలోని వృద్ధుడు తానును పెదవులు కదలించుచు, ఆలాపన తనకు నచ్చిన మలుపు తిరుగగానే ‘వన్స్‌మోర్’ అని కేకవేయును; నటుడు మరల పాడవలెను, పాడకున్న ఊరుకొనరు. పల్లెలో తెల్లవారువరకు సాగవలసిన ఆటను ఇచ్చట మూడు గంటలకు కుదించుటచే పద్యములు కొన్ని, హాస్యము కొంత తెగిపోవుచున్నవి. చల్లని గదిలో మెత్తని కుర్చీ లభించినది. బదులుగా రాత్రి పోయినది. ఈ వ్యాపారము లాభమో నష్టమో నేను తేల్చుకొనలేదు.

ఈ కుదింపునకు హాలు కాలనియమము ఒక్కటే కారణము కాదు. ఆరు గంటలకని ఆహ్వానపత్రము. ఆరున్నరకు జ్యోతి ప్రజ్వలనము. పిమ్మట ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి అను చతుర్విధ అతిథుల ప్రసంగములు. ఒక్కొక్కరికి శాలువ, పూలదండ, జ్ఞాపిక, ఛాయాచిత్రము. ముఖమునకు రంగు వేసికొని తెరవెనుక గంటన్నర నిలుచున్న బాలనర్తకి అలసిపోయి అడుగుపెట్టు వేళకు సభలో సగము ఖాళీ. శాలువలు కప్పుట తప్పని నేననను. నాటకము ముగిసిన తరువాత కప్పినచో శాలువకును నాటకమునకును గూడ గౌరవము నిలుచును.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడి, రంగశాల ఈ ప్రభుత్వపు భాషా సాంస్కృతిక శాఖ నిర్వహణలోనికి వచ్చిన పిమ్మట ఇచ్చట వినబడు గొంతులలో మార్పు స్పష్టముగ కలిగినది. పూర్వము జానపదము ఉత్సవములకు అలంకారముగ వచ్చిపోవునది. ఇప్పుడది తన పేరుతో తాను వచ్చుచున్నది. మల్లన్న, బీరప్ప కథలను గొల్ల కురుమల లోగిళ్లలో చెప్పు ఒగ్గుకథను చుక్క సత్తయ్యగారి వంటి కళాకారులు సభావేదిక కెక్కించి, దాని కథనశక్తిని చదువుకొన్నవారిచేతగూడ ఒప్పించిరి. నటరాజ రామకృష్ణగారు రామప్ప గుడి శిల్పములను, జాయపసేనాని నృత్తరత్నావళిని ఆధారముగ గొని పునరుద్ధరించిన పేరిణి నృత్యము, నేడు చిన్నపిల్లల పాదములలో ప్రాణము పోసికొనుచున్నది. మా ప్రాంతములోని నల్లగొండ కుటుంబములు ఈ మార్పు వలన ఆ మెట్లను చనువుగ ఎక్కుచున్నవి.

యువకుల మాట చెప్పకున్న ఈ చిత్రము అసంపూర్ణము. దిల్‌సుఖ్‌నగర్ వసతిగృహములలో ఉండి పోటీపరీక్షలకును సాఫ్ట్‌వేరు కొలువులకును శిక్షణ పొందు వేలాది విద్యార్థులకు పద్యనాటకము రుచింపదని పెద్దల ఫిర్యాదు. కాని రవీంద్రభారతి ప్రాంగణములోనే, కరీంనగర్ సీమనుండి వెళ్లి హిందీ చిత్రసీమలో వెలిగి ఫాల్కే పురస్కారమందుకొన్న పైడి జైరాజ్ పేరిట ఒక చిన్న ప్రివ్యూ థియేటరు కలదు. అందు ‘సినీవారం’ అను పేర శనివారపు సాయంత్రములలో లఘుచిత్రములు చూపి, తీసినవారితో చర్చ జరుపు ఏర్పాటు మొదలైన తరువాత, నెల ఖర్చులో రైలు టికెట్టు డబ్బు మిగుల్చుకొని వచ్చిన కుర్రవాళ్లను అచ్చట చూడవచ్చును.

సంస్థలు వచ్చినవి, పోయినవి. 1957లో వెలసిన రాష్ట్ర సాహిత్య అకాడమీ, సంగీత నాటక అకాడమీ మొదలగునవి ఈ రంగశాల చెంతనున్న కళాభవనమునుండి దశాబ్దములు పనిచేసి, 1980ల నడుమ రద్దై, తెలుగు విశ్వవిద్యాలయములో కలిసినవి. ప్రభుత్వములు మారినవి, రాష్ట్రము మారినది. రవీంద్రభారతి దినచర్య మాత్రము మహమ్మారి మూసివేసిన నెలల వంటి విరామములు తప్ప ఎడతెగలేదు. 2021లో అరువది సంవత్సరములు నిండినవి.

కాని సుమారు వేయి ఆసనములు గల ఒక్క శాల, 1961 నాటి నగరమునకు చాలినంతగ, నేటి నగరమునకు చాలదు. మా ప్రాంతమున జనసమ్మర్దమునకు స్థలము లేకపోలేదు: 2025 సెప్టెంబరు 29న సరూర్‌నగర్ మైదానములో 63 అడుగుల బతుకమ్మను నిలిపి, ప్రపంచ రికార్డుగా నమోదగునంతటి ఉత్సవము జరిపిరి. అంతమంది ఆడపడుచులు వలయముగ ఆడగల ఊరిలో, ఒక వీణ వినుటకు తగిన నాలుగు గోడలు లేకపోవుట న్యాయము కాదు. సరూర్‌నగర్, ఎల్‌బీ నగర్‌ల నడుమ ఐదారువందల ఆసనములతో, మంచి ధ్వనివ్యవస్థతో, అద్దె స్వల్పముగనుండు రంగశాలనొకటి నిర్మింపవలసినదిగా ప్రభుత్వమును, స్థానిక ప్రజాప్రతినిధులను ఈ వ్యాసముఖమున ప్రార్థించుచున్నాను. దానికి పెద్ద పేరేదియు పెట్టనక్కరలేదు. ఊరి పేరు చాలును.

అది వచ్చువరకు మెట్రో కలదు. పత్రికల నగరపుటలలో ఆనాటి కార్యక్రమముల పట్టిక వచ్చుచున్నది. పెక్కింటికి ప్రవేశము ఉచితము. ఐదు గంటలకు దిల్‌సుఖ్‌నగర్‌లో రైలెక్కినవారికి ముందువరుసలో చోటు దొరకును.